కార్లు ఆగవు మావయ్యా

మద్రాసు,
18 నవంబరు 1996

మావయ్యకి నమస్కారం.

నేను బాగానే ఉన్నాను. ఇక్కడ వానే బాగా లేదు. ఊరికి చెన్నై అని కొత్త పేరు పెట్టారు గానీ నీళ్ళు మాత్రం పాత పేరు ఉన్నప్పుడు ఎక్కడ నిలబడేవో అక్కడే నిలబడుతున్నాయి. హాస్టల్లో బట్టలు ఆరక ఫ్యాను కింద తాడు కట్టుకుని ఆరేసుకుంటున్నాం.

నీ సలహా కావాలి. టీనగర్ స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీసీ తీసీ, బస్సులో ఎదురుగా కూర్చున్న వాళ్ళని కూడా గడ్డం కాస్త దించండి అనబోతున్నాను. మొన్న మా స్టూడియోకి ప్రింట్లు వేయించుకోవడానికి అబ్రహాము గారని ఒకాయన వచ్చారు. కాకినాడ ఆయనే. ఇక్కడ కార్ల, మోటారు సైకిళ్ళ రేసుల గురించి ఇంగ్లీషులో ఒక పత్రిక నడుపుతారు. ఆయనకి రేసులు తీసే ఫోటోగ్రాఫరు బొంబాయి వెళ్ళిపోయాడట. నేను తీస్తానండి అని అడిగేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఫిబ్రవరిలో శ్రీపెరంబుదూరు ట్రాకు మీద రేసు ఉందనీ, పాసు ఇప్పిస్తాననీ, అచ్చువేయదగ్గ ఫోటో ఒక్కటి తెచ్చినా ఉద్యోగం నాదేననీ చెప్పారు.

అమ్మ పెట్టిన షరతు నీకు తెలుసు. ఉగాదిలోగా ఇక్కడ చెప్పుకోదగ్గ ఉద్యోగం దొరక్కపోతే సామాను సర్దుకుని మండపేట వచ్చి నీ స్టూడియోలో కూర్చోవాలి. నీ స్టూడియో అంటే చిన్నచూపు కాదు మావయ్యా, కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నదే అక్కడ. కానీ నాకు రేసులు తీయాలనుంది. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. కారు నా ముందు నుంచి వెళ్ళిపోయాక కూడా చాలాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి. అది భయమో సంతోషమో నాకే తెలియలేదు.

ఇప్పుడు లెన్సు సంగతి. నా దగ్గరున్నది యాభై ఎం.ఎం. ఒక్కటే. ఇక్కడ లెన్సులు అద్దెకిచ్చే షాపులో ఎనభై నుంచి రెండువందల దాకా జరిగే జూమ్ ఒకటి, మూడువందలది ఒకటి, లోపల అద్దాలు పెట్టి పొట్టిగా చేసిన ఐదువందలది ఒకటి ఉన్నాయి. మూడువందలది ఎత్తుకుంటే చంటిపిల్లని ఎత్తుకున్నట్టే ఉంది. అద్దాలది తేలిక, కానీ వెలుతురు సరిగా రానివ్వదు. ఏది తీసుకోమంటావో ఆలోచించి రాయి. నువ్వు ఏది చెబితే అదే.

అత్తయ్యని అడిగానని చెప్పు.

గడ్డం దించండి అనే
మీ ఫణి


మండపేట,
27 నవంబరు 1996

చిరంజీవి ఫణికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అత్తయ్యకి కూడా చదివి వినిపించాను. ఐదువందల లెన్సుంటే మన డాబా మీంచి రైసు మిల్లు గొట్టం మీది కాకి కనబడుతుందా అని అడిగింది. కనబడుతుందన్నాను. కాకిని చూసి ఏం చేసుకుంటారండీ అంది. నా అభిప్రాయమూ అదే.

ఫోటోగ్రాఫరు ఎంత వెనక్కి జరిగితే అంత లోకువ. దగ్గరికి వెళ్ళాలి, గడ్డం పట్టుకుని తిప్పాలి, జుట్టు సర్దాలి. అప్పుడు గానీ మనిషి మన మాట వినడు. తాళి కట్టేటప్పుడు నేనేం చేస్తానో చిన్నప్పటి నుంచీ చూశావు కదా. పెళ్ళికొడుకు సూత్రం పట్టుకుని అమ్మాయి మెడ దాకా తెచ్చాక, “బాబూ, ఆగండి” అంటాను. ఆగుతాడు. పురోహితుడు ఆగుతాడు. చేతుల్లో అక్షింతలు పట్టుకున్న వాళ్ళందరూ చేతులెత్తి అలాగే నిలబడతారు. మేళగాళ్ళు మాత్రం వాయిస్తూనే ఉంటారు, పాపం వాళ్ళకి నేను కనపడను. ఫ్లాషు మీద ఎర్రదీపం వెలిగాక నేను తలూపితే అప్పుడు ముడి పడుతుంది. సాక్షాత్తూ పెళ్ళే ఆగుతుంటే కారు ఆగదా?

కాబట్టి నీకు యాభై చాలు. మంచి వెలుతురున్న మలుపు చూసుకుని నిలబడు. కారు రాగానే ఆపించి, ఆ డ్రైవరు చేత నెత్తి మీది కుండ తీయించు. ముఖం లేకపోతే అది ఎవడి ఫోటో? వాడి తల్లి కూడా గుర్తుపట్టదు.

అంతమంది మగవాళ్ళలో గట్టిగా చెప్పడానికి నువ్వు మొహమాటపడతావని, ఆ రేసు క్లబ్బు కార్యదర్శి గారికి నేనే ఇంగ్లీషులో ఉత్తరం రాసి పడేశాను. నా మేనకోడలు మలుపు దగ్గర నిలబడుతుంది, ప్రతి వాహనమూ ఆమె ముందు క్షణంసేపు ఆగి వెళ్ళేటట్టు దయచేసి ఏర్పాటు చేయవలసింది అని. హైస్కూలు ఇంగ్లీషు మాస్టారు దిద్దిపెట్టారు. పలుకుబడి ఉంటుందని అబ్రహాము గారి పేరు కూడా వేశాను. కింద స్టూడియో రబ్బరు స్టాంపు కొట్టాను. ఇక నీకు బెంగ లేదు.

ఆశీర్వదించి,
మావయ్య సూర్యప్రకాశం


మద్రాసు,
9 డిసెంబరు 1996

మావయ్యా,

కార్లు ఆగవు. ముందు ఆ ముక్క చెప్పాక మిగతా ఉత్తరం రాస్తాను.

అబ్రహాము గారు స్టూడియోకి ఫోను చేశారు. నీ ఉత్తరాన్ని కార్యదర్శి గారు కమిటీ మీటింగులో పైకి చదివి వినిపించారట. ఆయన తర్వాత ఇంకొకాయన చదివారట, సరదాకి. ఇప్పుడు ట్రాకు మీద మెకానిక్కుల దగ్గర్నుంచి టీ పోసే ఆయన దాకా, కార్లు ఆపే అమ్మాయి ఎప్పుడొస్తుందండీ అని అడుగుతున్నారట. నేను ఫోను పట్టుకుని ఏడవబోయాను. అబ్రహాము గారు నవ్వి, “మీ మావయ్య గారు పెళ్ళిళ్ళు తీస్తారా అమ్మా?” అని అడిగారు. అవునండీ అన్నాను. ఆయన పెళ్ళిలోనూ చర్చిలో ఉంగరం తొడిగేటప్పుడు ఫోటోగ్రాఫరు ఇలాగే ఆపేశాడట. వేలు అలా చాపి ఉంచి ఉంచి వాళ్ళావిడకి తిమ్మిరెక్కిందని, ఇప్పటికీ ఆ ఫోటో చూసినప్పుడల్లా ఆవిడ వేలు రుద్దుకుంటుందని చెప్పారు. పాసు మాత్రం రద్దు చేయలేదు, అదే పదివేలు.

మావయ్యా, ఇంకెవరికీ ఏ ఉత్తరమూ రాయకు. నా మీద ఒట్టు.

ఇంకో సంగతి. సాధన చేద్దామని మౌంటు రోడ్డు మీద నిలబడి, వెళ్ళే బస్సులని తీశాను. షట్టరు సెకనులో వెయ్యో వంతుకి పెట్టాను, నువ్వు నేర్పినట్టే ఎక్కడా కదలకుండా వచ్చాయి. బస్సు మీద అంటించిన కాగితాలు కూడా చదువుకోవచ్చు. గర్వంగా తీసుకెళ్ళి చూపిస్తే అబ్రహాము గారు, “ఈ బస్సు చెడిపోయిందా?” అన్నారు. అప్పుడు తెలిసింది. రేసు తీసేవాళ్ళు షట్టరు నిదానంగా పెట్టి, కారు వెళ్తున్న వేగంతోనే కెమెరా కూడా దాని వెంట తిప్పుతూ నొక్కుతారట. కారు నిలకడగా వస్తుంది, వెనక చెట్లూ జనాలూ గీతల్లా సాగిపోతాయి. దాన్ని పానింగ్ అంటారు. దాని కోసమే దూరం నుంచి దగ్గరగా చూపించే లెన్సు కావాలి. నేను మూడువందలది తీసుకుంటున్నాను.

కోపం సగం తగ్గిన
ఫణి


మండపేట,
21 డిసెంబరు 1996

చిరంజీవి ఫణికి ఆశీస్సులు.

పెళ్ళి ఆగడం, కారు ఆగకపోవడం. కలికాలం.

నువ్వు చెప్పిన పానింగు సంగతి విని నాకు రాత్రి అన్నం సయించలేదు. వెనకాలదంతా గీతలుగా సాగిపోయిన ఫోటో నేనిస్తే మన ఊళ్ళో నా ముఖాన కొట్టిపోతారు. కదిలిన ప్రింటు బయటికి వెళ్ళకూడదని నీ చేత్తోనే ఎన్ని చింపించాను! అయినా నేర్చుకోవడంలో తప్పు లేదని, నిన్న మెయిన్ రోడ్డులో స్టూడియో మెట్ల మీద నిలబడి సైకిళ్ళ వెంట కెమెరా తిప్పాను. మొదటి రీలులో చక్రం ఒకటి వచ్చింది. రెండో రీలులో పోస్టుమేను చెవి వచ్చింది, చాలా స్పష్టంగా. చూసిన వాళ్ళు సూర్యప్రకాశం గారికి పక్షవాతమేమోనని మీ అత్తయ్యని పరామర్శించి వెళ్ళారు.

ఆలోచించగా, ఆగని కార్లకి దగ్గరగా నిన్ను నిలబెట్టడం నాకే ఇష్టం లేకపోయింది. అద్దె లెన్సు ఎవరెవరు ఎలా వాడారో తెలీదు. అందుకని నా రెండువందల లెన్సు పంపిస్తున్నాను. పెద్దాపురం మరిడమ్మ జాతరలో జనంలోకి చొరబడలేక మేడ మీంచి తీయడానికి కొన్నది. బియ్యం లారీ చంద్రరావు సోమవారం మద్రాసు లోడు వేసుకుని వస్తున్నాడు. లెన్సుకి పాత తువ్వాలు చుట్టి, ఆత్రేయపురం పూతరేకుల డబ్బాతో కలిపి ఇచ్చాను. రెండిటి మీదా బరువు పెట్టొద్దని చెప్పాను. పూతరేకుల గురించి రెండుసార్లు చెప్పాను, అతను తినకుండా.

నీకు ముందే చెబుదామనుకోలేదు గానీ సంతోషం ఆపుకోలేకపోతున్నాను. ఉగాదికి నువ్వు వస్తావు కదా అని పెయింటరు వీరబ్రహ్మం చేత స్టూడియోకి కొత్త బోర్డు రాయించాను. నా పేరు పక్కనే నీ పేరు, అదే సైజులో. వీరబ్రహ్మం ఫణిశ్రీలో శ్రీ కింద ఒక నెమలి కూడా వేశాడు. బోర్డు గోడకి ఆనించి ఉంది, రోజూ తుడుస్తున్నాను.

ఆశీస్సులతో,
మావయ్య


మద్రాసు,
4 జనవరి 1997

శ్రీ సూర్యప్రకాశం గారికి ఫణిశ్రీ నమస్కరించి వ్రాయునది.

మీరు పంపిన పూతరేకులు క్షేమంగా అందాయి. లెన్సు కూడా క్షేమంగా అందింది. అయితే అది నా కెమెరాకి పట్టదు. నాది నైకాను. మీరు పంపినది పెంటాక్సుది. రెండిటి మూతులూ వేరని మీకంటే బాగా మండపేటలో ఎవరికీ తెలియదు.

మీరు లెన్సు పంపుతున్నారు కదా అని నేను షాపులో మూడువందలది వద్దని చెప్పేశాను. ఇప్పుడు వెళ్ళి అడిగితే బెంగుళూరు నుంచి వచ్చే ఫోటోగ్రాఫరు ఎవరో రేసు వారానికి దాన్ని తీసేసుకున్నారన్నారు. జూమ్ కూడా పోయింది.

బోర్డు రాయించుకున్నాక లెన్సు పంపారు. పట్టని లెన్సు పంపారు. నేను ఓడిపోయి ఉగాదికి రావాలని మీకు ఉంటే ఆ మాట నాతోనే చెప్పాల్సింది. అంతకంటే ఏమీ రాయలేను.

ఇట్లు,
ఫణిశ్రీ


మండపేట,
11 జనవరి 1997

కుమారి ఫణిశ్రీ గారి సముఖమునకు,

తమరి లేఖ అందినది. తమరు బి.ఎస్సీ. ప్యాసైనప్పుడు మేము తమకు ఒక కెమెరా బహూకరించియుంటిమి. అది పెంటాక్సు. మేము పంపిన లెన్సు దానికి చక్కగా పట్టును. కావుననే పంపితిమి.

ఆ కెమెరా ప్రస్తుతము ఎక్కడ ఉన్నదో తెలియజేయగోరెదము.

ఇట్లు,
పి. సూర్యప్రకాశం
సూర్య ఫోటో స్టూడియో, మండపేట


మద్రాసు,
18 జనవరి 1997

మావయ్యా,

గ్రాంథికంలో తిట్టకు, భయమేస్తోంది.

ఆ పెంటాక్సు మార్చేసుకున్నాను. ఇక్కడ మా స్టూడియోలో ఉన్నవన్నీ నైకాను లెన్సులే, అవసరానికి వాడుకోవచ్చని పాత కెమెరా ఇచ్చి ఈ పాత కెమెరా తీసుకున్నాను. నువ్వు బాధపడతావని నేరుగా రాయలేక అమ్మని నీతో చెప్పమన్నాను. తర్వాత అమ్మ వచ్చినప్పుడు, మావయ్య ఏమన్నాడే అని అడిగితే, “ఏమీ అనలేదు” అంది. పోన్లే, పెద్ద మనసు చేసుకున్నావని సంతోషించాను. నీకు చెప్పకుండానే ఏమీ అనలేదని చెప్పిందని ఇప్పుడు తెలుస్తోంది. చూడబోతే అమ్మ అబద్ధం కూడా ఆడలేదు. అసలు చెప్పనిదే నువ్వేం అంటావు?

నీ గురించి అలా అనుకున్నందుకు నాకు సిగ్గుగా ఉంది మావయ్యా. ఉత్తరం పోస్టు డబ్బాలో వేసిన మరుక్షణమే తీసుకుందామని చెయ్యి పెట్టాను, చెయ్యి పట్టలేదు. 

షాపులో ఇక మిగిలింది ఆ అద్దాల ఐదువందలది ఒక్కటే. ఆదివారం బీచి రోడ్డుకి తీసుకెళ్ళి సాధన చేశాను. ఎండ ఉన్నా లోపల మసక మసగ్గా ఉంటుంది. షట్టరు నిదానంగా పెడితే చేతిలో వణుకంతా ఫిల్ము మీదికి ఎక్కుతుంది. వెనకాల మెరిసే ప్రతిదీ గారెలాగా మధ్యలో చిల్లుతో పడుతుంది. సముద్రం తీస్తే సముద్రం నిండా గారెలు. అబ్రహాము గారికి చూపించలేదు.

రేసు ఫిబ్రవరి తొమ్మిది. ఇంక ఏం చేయాలో తెలియడం లేదు. బోర్డు మీద నెమలి ఎటువైపు చూస్తోంది?

నీ
ఫణి


మండపేట,
30 జనవరి 1997

చిట్టితల్లీ,

ముందు మీ అమ్మ సంగతి. ఉత్తరం జేబులో పెట్టుకుని నేరుగా అక్క ఇంటికి వెళ్ళాను. మీ అమ్మ వరహాలక్ష్మి గారు పెసరట్లు వేస్తున్నారు. ఎందుకు చెప్పలేదక్కా అంటే, నువ్వు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు భోజనానికి ఉంటున్నారు, తినేముందు ఇలాంటివి ఎలా చెప్పను అంది. తిన్నాక చెప్పొచ్చు కదా అంటే, తిన్నాక నువ్వు నిద్రపోతావుగా అంది. ఆవిడతో వాదించి గెలిచిన వాళ్ళు మన వంశంలో లేరు. పెసరట్టు తిని వచ్చేశాను.

నువ్వు రాసినదానికి బాధ కలిగింది. లేదని అనను. నువ్వు పక్కన కూర్చుంటే బాగుండునని నాకు ఉంది, అది నిజం. కానీ నువ్వు ఓడిపోయి వచ్చి కూర్చోవడం నాకు అక్కర్లేదు. ఈ రెండూ వేరు వేరని నీకు తెలియాలి.

చంద్రరావు చేతికి నా పెంటాక్సు కెమెరా ఇచ్చి పంపుతున్నాను. రెండువందల లెన్సు ఇక దానికి పట్టకపోతే దేవుడే దిక్కు. నాకు మాఘమాసం పెళ్ళిళ్ళున్న మాట నిజమే గానీ, అటక మీద పాత యాషికా పెట్టె కెమెరా ఉంది కదా, తల వంచి పైనుంచి చూసేది. దాంతో లాగించేస్తాను. నువ్వు వద్దని రాసేలోగా లారీ తడ దాటేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, జాగ్రత్తగా చదువు. కోతలయ్యాక ఊరి బయట ఖాళీ చేలో ట్రాక్టర్ల పోటీ పెట్టారు. ట్రాక్టరుకి వెనక ట్రక్కు తగిలించి, జెండాల మధ్య నుంచి మొత్తం దూరం వెనక్కే నడపాలి. మిల్లులో పనిచేసే వెంకన్న గెలిచాడు. ఫోటోలు నావే. మొదటిది నా అలవాటు కొద్దీ, “బాబూ, ఇటు” అని కేకేసి తీశాను. వెంకన్న నా వైపు తిరిగి చక్కగా నవ్వాడు, ముఖం పున్నమి చంద్రుడే. ప్రింటు చూసి వెంకన్నకి కోపం వచ్చింది. “ఏంటండీ ఇది, నేను ఎనక్కి తోలితే ఇందులో ముందుకొత్తన్నాను. ముందుకి ఎవడైనా తోల్తాడండి,” అన్నాడు. మిల్లు దగ్గర అందరూ చూసి అదే మాట అన్నారు. ఇది సంతకి వెళ్తున్న ట్రాక్టరన్నారు.

నేను మిగతా ప్రింట్లన్నీ పరిచి చూశాను. ఒకదాంట్లో, నువ్వు చెప్పినట్టు కెమెరా వెంట తిప్పే హడావుడిలో నేను కేకవేయడం మరిచిపోయాను. వెంకన్న నన్ను చూడలేదు. మెడ పూర్తిగా వెనక్కి తిప్పి ట్రక్కు చక్రం వంక చూస్తున్నాడు. ముఖం ఒక్క చెంప తప్ప కనబడదు. మెడ నరాలు మాత్రం తాళ్ళలా ఉన్నాయి. వెనకంతా గీతలు. ఆ ఫోటో చూపించగానే అందరూ, వెనక్కే వెళ్తున్నాడు అన్నారు. వెంకన్న దాన్ని ఫ్రేము కట్టించుకున్నాడు.

నేను ఇన్నేళ్ళూ ముఖాలు తిప్పించాను ఫణీ. మనిషి ఎటు పోతున్నాడో మెడ చెబుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. నీ కార్ల వాళ్ళకి నెత్తి మీద కుండలున్నా కింద మెడలుంటాయి కదా. అవి చూడు.

నెమలి నా పేరు వైపు చూస్తోంది.

మావయ్య


మద్రాసు,
20 ఫిబ్రవరి 1997

మావయ్యా,

అయిపోయింది. వరసగా చెబుతాను, చివరికి గెంతకుండా చదువు.

రేసు రోజు ట్రాకు మీద ఫోటోగ్రాఫర్లందరూ పొడుగాటి దారి చివర, కార్లు మహా వేగంగా వచ్చే చోట నిలబడ్డారు. అందరి లెన్సులూ ఫిరంగుల్లా ఉన్నాయి. నేను నీ పెంటాక్సు, మరిడమ్మ లెన్సు పట్టుకుని వెళ్ళి పక్కన నిలబడితే ఒకాయన జాలిగా జరిగి చోటిచ్చారు. అక్కడి నుంచి చూస్తే నా లెన్సులో కారు అగ్గిపెట్టెంత ఉంది. మొదటి రీలు అంతా కార్ల తోకలు, ఖాళీ రోడ్డేనని కడగకముందే తెలిసిపోయింది. ఒకదాంట్లో నా బొటనవేలు కూడా ఉందని కడిగాక చూశాను. అక్కడే నిలబడి, ఉగాదికి టిక్కెట్టు ఎప్పుడు రిజర్వు చేయాలా అని కూడా ఆలోచించాను.

అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది. మెడలు ఎక్కడ తిరుగుతాయి? మలుపు దగ్గర తిరుగుతాయి. ట్రాకులో జడపిన్నులా వెనక్కి మళ్ళే మలుపు ఒకటుంది. అక్కడ కార్లు నిదానిస్తాయి కాబట్టి పెద్ద ఫోటోగ్రాఫర్లు ఎవరూ లేరు. పరుగెత్తుకుంటూ వెళ్ళాను. రెండువందల లెన్సుకి ఆ దూరం కొలిచి పెట్టినట్టు సరిపోయింది. మలుపులో నిలబడి జెండా ఊపే ఆయన నన్ను చూసి, కార్లు ఆపే అమ్మాయి మీరేనా అండీ అని ఇంగ్లీషులో అడిగాడు. నేనే అన్నాను.

మావయ్యా, నువ్వు చెప్పింది నిజం. పైకప్పు లేని ఆ చిన్న కార్లలో మనిషి తల, మెడ బయటికే ఉంటాయి. కారు ముక్కు ఇంకా ఇటువైపే ఉంటుంది, చక్రాలు పొగలు కక్కుతుంటాయి. కానీ కుండ మాత్రం అప్పటికే పూర్తిగా అటు తిరిగిపోయి, ఇంకా రాని దారి వంక చూస్తూ ఉంటుంది. షట్టరు నూట పాతికో వంతుకి పెట్టి, ఊపిరి బిగబట్టి, మెడ వెంటే తిప్పాను. చేతులు వణకలేదు.

అబ్రహాము గారు భూతద్దం పెట్టుకుని అన్నీ చూశారు. వచ్చిన వాటిలో ఎక్కువ పక్కన పడేశారు. ఒక్కదాని మీద ఆగిపోయి, “ఈ అబ్బాయి ఎటు చూస్తున్నాడమ్మా?” అన్నారు. ఎటు వెళ్తున్నాడో అటండీ అన్నాను. ఆయన భూతద్దం దించారు. తర్వాత లోపలికి కేకేసి, మార్చి నెల అట్ట మీదికి పెట్టుకున్న ఫోటో తీసేసి ఇది పెట్టమన్నారు. ఉద్యోగం ఇచ్చారు. నేను టేబులు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆయన నాకు మంచినీళ్ళు ఇప్పించి, మీ మావయ్య గారు ఇంకా ఎవరికైనా ఉత్తరాలు రాస్తున్నారా అని అడిగారు.

నాకు ఎంతో సంతోషంగా ఉంది. కానీ ఆ బోర్డు తలుచుకుంటే సంతోషం మధ్యలో ఆగిపోతోంది. నెమలి కూడా ఉందన్నావు. కెమెరా, లెన్సు చంద్రరావు వచ్చినప్పుడు జాగ్రత్తగా పంపిస్తాను.

నీ
ఫణి


మండపేట,
18 మార్చి 1997

చిరంజీవి ఫణికి మావయ్య ఆశీస్సులు.

పత్రిక అందింది. మూడు కాపీలు పంపావు, నేను ఇంకా కావాలని రాజమండ్రి స్టేషను పుస్తకాల కొట్టుకి మనిషిని పంపాను. అట్ట మీద ఫోటో స్టూడియోలో కట్టించాను. వచ్చినవాళ్ళు పెళ్ళికొడుకు ఎవరండీ అని అడుగుతున్నారు. లోపల నీ పేరు చాలా చిన్న అక్షరాల్లో వేశారు. అబ్రహాము గారికి ఈ విషయమై ఉత్తరం రాద్దామనుకుని, నీ ఒట్టు గుర్తొచ్చి ఊరుకున్నాను.

మొన్న మాఘమాసం చివర్లో మిల్లు గుమాస్తా గారమ్మాయి శృతి పెళ్ళి తీశాను. యాషికాతోనే. ఈసారి నేనేమీ ఆపకూడదని నిర్ణయించుకుని వెళ్ళాను. ముహూర్తం అయింది, పెళ్ళికొడుకు సూత్రం తీసుకుని లేచాడు. నేను తల వంచి కెమెరాలోకి చూస్తూ నోరు మూసుకుని నిలబడ్డాను. అమ్మాయి మెడ దాకా తెచ్చి, పెళ్ళికొడుకు తనంతట తనే ఆగిపోయాడు. నా వైపు తిరిగాడు. పురోహితుడు ఆగి నా వైపు తిరిగాడు. అక్షింతల చేతులన్నీ గాల్లో ఆగాయి. నేను ఆపడం మానేశాను గానీ మండపేటలో ఆగడం ఎవరూ మానలేదమ్మా. ఎవరి చేత మాన్పించాలి? అలవాటు చేసింది నేనేగా. నేను తల ఊపలేదు, వాళ్ళు కదల్లేదు, మేళగాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. అంతసేపూ తల వంచుకుని ఉన్న శృతికి, ఇంకా ముడి ఎందుకు పడలేదా అని అనుమానం వచ్చింది. మెల్లగా మెడ తిప్పి, తల పైకెత్తి పెళ్ళికొడుకు వంక చూసింది. ఆ కుర్రాడు నన్ను మరిచిపోయి ఆ పిల్ల వంక తిరిగాడు. నేను నొక్కాను. కాస్త కదిలింది. వాళ్ళ అమ్మ ఒప్పుకోలేదు, ఒక్క ముఖమూ ముందుకి లేదని దెబ్బలాడింది. శృతి మాత్రం ఆల్బంలో మొదటి పేజీలో అదే పెట్టుకుంది. ఒక ప్రింటు ఇందులో పెట్టాను. బాగుందో లేదో నిజం చెప్పు, మొహమాటం వద్దు.

కెమెరా, లెన్సు పంపొద్దు. అవి ఇక్కడ ఆగిన వాళ్ళని చూసి చూసి విసిగిపోయాయి. నువ్వు రానందుకు నాకు దిగులు లేదని చెబితే నమ్మవు, అందుకని చెప్పను. సాయంత్రం స్టూడియో షట్టరు దించేటప్పుడు కొంచెం ఉంటుంది. ఆ పత్రిక చూస్తే పోతుంది.

బోర్డు మాత్రం నిన్న పైకి ఎక్కించేశాను. వీరబ్రహ్మం నీ పేరు కొట్టేయనా అండీ అన్నాడు. కొట్టేస్తే నెమలి ఎక్కడ నిలబడుతుంది? నీ పేరు కింద మద్రాసు బ్రాంచి అని రాయించాను. మీ అమ్మ రోడ్డు అవతల నిలబడి చాలాసేపు చదివింది. ఏమీ అనలేదు. ఈసారి నిజంగానే అనలేదు, నేను చూశాను.

వైశాఖంలో పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను. యాషికా ఇక మొరాయిస్తోంది, కొత్త కెమెరా చూడాలి. ఎవరినీ ఆపకుండా, మండపం చివర నిలబడి తీయడానికి నాకు ఏ లెన్సు బాగుంటుందో ఆలోచించి రాయి. నువ్వు ఏది చెబితే అదే.

నీ మావయ్య,
సూర్యప్రకాశం
మండపేట బ్రాంచి